సొంత దొడ్డి, ఊరి గాలి

"నా స్థలం, నా చెత్త, నా అగ్గిపెట్టె; మధ్యలో మీకేమిటి?" అనే మాట పల్లెలలోను, పట్టణాలలోను తరచుగా వినిపిస్తుంది. పెరటిలో ఎండుటాకులు కుప్పపోసి నిప్పు పెట్టే గృహస్థు ఈ మాట అంటాడు. ఇల్లు కట్టబోయే ఖాళీ స్థలంలో ముళ్ళకంపను తగులబెట్టే ఆసామి అంటాడు. కోత అయిన మడిలో కొయ్యకాళ్ళను కాల్చే రైతు కూడా అంటాడు. వారు చెప్పిన మొదటి మూడు ముక్కలలో అబద్ధం లేదు. స్థలం వారిదే, చెత్త వారిదే, అగ్గిపెట్టె వారిదే. అయితే పుల్ల గీసిన మరుక్షణం నాలుగో వస్తువు ఒకటి పుడుతుంది. అదే పొగ. దానికి పట్టా లేదు, సరిహద్దు రాయి లేదు, ప్రహరీగోడ అడ్డు లేదు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది. పక్కింటి ఉయ్యాలలో నిద్రిస్తున్న పసిబిడ్డ ఊపిరిలోకి చేరిన పొగను "నా సొంతం" అని ఎవరూ అనలేరు. సొంత స్థలంలోనైనా సరే, మంట పెట్టే ముందు అనుమతి అడగాలనడానికి కారణం ఇదే.

అనుమతి అనగానే అది కచేరీలలో పుట్టిన కొత్త చిక్కు అని కొందరు విసుక్కుంటారు. నిజానికి నిప్పు విషయంలో ఇరుగుపొరుగును సంప్రదించడం పల్లెలకు పాత అలవాటు. తాటాకు ఇళ్ళు, పూరిళ్ళు, గడ్డివాములు దగ్గర దగ్గరగా ఉండే ఊళ్ళలో ఒక్క నిప్పురవ్వ చాలు, వాడ అంతా బూడిద కావడానికి. అందుచేత వేసవిలో గాలి లేచే వేళకు ముందే వంట ముగించి పొయ్యి ఆర్పేవారు. కళ్ళం దగ్గర చుట్ట ముట్టించిన వారిని పెద్దలు కేకలేసేవారు. కంప కాల్చదలచిన రైతు పక్క చేను వారికి ముందుగా చెప్పి, గట్టు చుట్టూ గడ్డి చెక్కించి, కడవలతో నీళ్ళు దగ్గర పెట్టుకొని, గాలి తగ్గిన తరువాతనే నిప్పు పెట్టేవాడు. కాగితం మీద వ్రాయకపోయినా అది అనుమతే. ఇల్లు కాలిన తరువాత బావి తవ్వడం ఎంత తెలివితక్కువో అనుభవం మీద తెలిసినవారు పెట్టుకున్న కట్టుబాటు అది.

నేడు ఇళ్ళు మారాయి. పెంకులు, సిమెంటు కప్పులు వచ్చాక నిప్పురవ్వ భయం కొంత తగ్గింది. భయంతోపాటు కట్టుబాటు కూడా సడలింది. కాని అదే కాలంలో చెత్త స్వభావం మరింత మారిపోయింది. ఒకప్పుడు ఇంటి చెత్త అంటే ఆకులు, అలములు, ఊక, పేడ, పొయ్యి బూడిద. అదంతా పెంటకుప్పకు చేరి పొలానికి ఎరువయ్యేది. ఇప్పటి చెత్తబుట్టలో పాలిథీన్ సంచులు, పాల పాకెట్లు, షాంపూ పొట్లాలు, పాత చెప్పులు, వైరు ముక్కలు, రంగు డబ్బాలు ఉంటాయి. "ఆకులే కదా కాల్చేది" అనుకొని పెట్టిన మంటలో ఇవన్నీ కలిసి కాలుతున్నాయి.

మంట ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే ప్రమాదం అర్థమవుతుంది. పదార్థం పూర్తిగా కాలాలంటే తగినంత వేడి, తగినంత ప్రాణవాయువు, తగినంత సమయం కావాలి. చెత్తను దహించే యంత్రశాలలలో 850 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిని నిలిపి, వెలువడే వాయువులను వడపోస్తారు. పెరటి కుప్పలో ఆ వేడి నిలకడగా ఉండదు. పైపైన మండి లోపల కుములుతుంది. అలా కుమిలే తడి చెత్త నుండి కార్బన్ మోనాక్సైడ్, సన్నని మసి రేణువులు ఎక్కువగా వస్తాయి. క్లోరిన్ కలిసిన ప్లాస్టిక్కు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరితోపాటు డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. ఇవి నేల మీద, గడ్డి మీద పడి, పశువుల మేతలో చేరి, పాల ద్వారా మనిషి ఒంట్లోకి వస్తాయి. టైరు కాలిన పొగలో గంధకపు వాయువు ఉంటుంది.

కంటికి కనిపించే నల్లటి పొగకంటె కనిపించని రేణువులే ఎక్కువ కీడు చేస్తాయి. 2.5 మైక్రోమీటర్లకు మించని రేణువు తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కులోని వెంట్రుకలు దానిని ఆపలేవు. అది ఊపిరితిత్తుల అడుగుకు చేరి, అక్కడి నుండి రక్తంలోకి కూడా పోగలదు. ఇటువంటి రేణువుల ఏడాది సగటు ఘనపుమీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు దాటరాదని భారతదేశం 2009లో ప్రమాణం పెట్టుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 మైక్రోగ్రాములు మించకుండా ఉంటే మేలని చెప్పింది. ఉబ్బసం ఉన్న పిల్లలకు, గర్భిణులకు, గుండెజబ్బు ఉన్న ముసలివారికి ఈ అంకెలు పుస్తకంలోని లెక్కలు కావు. సాయంకాలం వీధి చివర మంట లేస్తే ఆ రాత్రి వారికి నిద్ర ఉండదు.

ఈ విషయంలో చట్టం ఏమంటున్నది? 1981లో వచ్చిన వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 19వ సెక్షను ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం కాలుష్య నియంత్రణ మండలిని సంప్రదించి, ఒక ప్రాంతంలో ఇంధనం కాని వస్తువులను కాల్చడాన్ని నిషేధించవచ్చు. "ఇంధనం కాని" అన్న మాటను గమనించాలి. వంటపొయ్యి మీద చట్టానికి కోపం లేదు. పనికిరానిదని పారవేసినదానిని కాల్చడం గురించే దాని బెంగ. 2000వ సంవత్సరంలో వచ్చిన పురపాలక ఘనవ్యర్థాల నియమాలు చెత్తను, ఆకులను కాల్చరాదన్నాయి. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు, ఎవరూ తమ చెత్తను వీధులలోను, తమ ఆవరణకు వెలుపలి బహిరంగ స్థలాలలోను, మురుగుకాలువలలోను, చెరువులలోను పారవేయడం గాని, కాల్చడం గాని, పూడ్చడం గాని చేయరాదని చెప్పాయి.

"ఆవరణకు వెలుపల" అన్న మాట పట్టుకొని, లోపల కాల్చుకోవచ్చునని వాదించడానికి వీలుండేది. అదే సంవత్సరం డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సందుకు కూడా తలుపు వేసింది. దేశమంతటా, చెత్త పోసే మైదానాలతో సహా ఏ నేల మీదా చెత్తను బహిరంగంగా కాల్చరాదని తీర్పు చెప్పింది. మామూలుగా కాల్చినవారు 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాల్చినవారు 25,000 రూపాయలు పర్యావరణ పరిహారం చెల్లించాలన్నది. ఈ వ్యాజ్యానికి మూలం బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషను. ఒక పౌరురాలు ఇరవై ఏళ్ళు ఓపికగా నడిపిన వ్యవహారం దేశమంతటికీ వర్తించే ఆజ్ఞగా పరిణమించింది. ఇక మంట వల్ల ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం వేరే నేరం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను దానికి ఆరు నెలల వరకు ఖైదు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటున్నది.

దీనినిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఇంటి చెత్తను, ప్లాస్టిక్కును, టైర్లను కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి గాని, పురపాలక సంఘానికి గాని లేదు. అడిగినా దొరకదు, దొరికితే అది చెల్లదు. అనుమతి ప్రశ్న మిగిలేది కంప, కొమ్మలు, పంట మోళ్ళు వంటివాటి విషయంలోనే. వాటిపైన కూడా నిషేధాలున్న ప్రాంతాలున్నాయి. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలలో పంట వ్యర్థాలను కాల్చరాదని హరిత ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో ఆదేశించింది. రిజర్వు అడవికి ప్రమాదం కలిగేటట్లు నిప్పు రాజేయడం 1927 నాటి అటవీ చట్టం 26వ సెక్షను కింద నేరం. కనుక ఏ ఊరివారైనా ముందుగా తమ స్థానిక సంస్థను, అగ్నిమాపక కేంద్రాన్ని, అడవి దగ్గరైతే అటవీశాఖను అడిగి తెలుసుకోవడం విధి.

అనుమతి పద్ధతి ఎలా ఉండాలో చూపే ఉదాహరణ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్నది. అక్కడ సొంత స్థలంలోనైనా కంప కాల్చాలంటే ఊరి అగ్నిమాపక శాఖ నుండి పర్మిటు తీసుకోవాలి. జనవరి 15 నుండి మే 1 వరకే, అదీ ఉదయం 10 నుండి సాయంత్రం 4 గంటల లోపలే కాల్చాలి. మంటకు, నివాసగృహాలకు మధ్య కనీసం 75 అడుగుల దూరముండాలి. ఆకులు, గడ్డి, చెత్త కాల్చరాదు. నీళ్ళు, పారలు దగ్గర ఉంచుకోవాలి. నిప్పు పూర్తిగా ఆరేవరకు మనిషి కదలరాదు. గాలి బాగోలేని రోజున పర్మిటు చేతిలో ఉన్నా కాల్చడానికి వీలులేదు. బోస్టన్ వంటి పెద్ద పట్టణాలలో అసలు అనుమతే లేదు. ఈ షరతులలో కారణం లేనిది ఒక్కటీ కనిపించదు. చలికాలం చివర నేల తడిగా ఉండి నిప్పు పాకదు. పగటివేళ పొగ పైకి లేచి చెదిరిపోతుంది. రాత్రి చల్లటి గాలి కింద అది నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. పచ్చి ఆకులు, గడ్డి పొగ ఎక్కువ చేస్తాయి. కంప కాల్చే పల్లె రైతు పాటించిన కట్టుబాటూ, ఈ కాగితం మీది షరతులూ దాదాపు ఒకటే కావడం గమనించదగినది.

ఇంతవరకు చెప్పినది మంట పెట్టేవారి బాధ్యత. అయితే నేరమంతా వారి మీదనే మోపడం న్యాయం కాదు. పట్టణపు నడిబొడ్డున రోజూ ఉదయం చెత్తబండి వస్తుంది. శివారు కాలనీకి వారానికి ఒకసారి వస్తే గొప్ప. బండి రాని వీధిలో పది రోజుల చెత్త కుళ్ళి, ఈగలు, దోమలు ముసిరినప్పుడు ఆ ఇల్లాలు అగ్గిపెట్టె తీస్తే, తప్పులో సగం బండి పంపనివారిది. ఊడ్చిన ఆకులను మోసుకుపోవడానికి బండి లేక వీధి మూలలో కాల్చే పారిశుద్ధ్య కార్మికుడి సంగతి కూడా ఇంతే. ఆ పొగను అందరికంటె ముందు, అందరికంటె ఎక్కువగా పీల్చేది అతడే. చెత్త ఎత్తే ఏర్పాటు చేయకుండా జరిమానా పుస్తకం మాత్రం పట్టుకొని వచ్చే అధికారికి నైతికమైన బలం ఉండదు.

రైతు విషయమూ అటువంటిదే. పంజాబులో వరికోతకు, గోధుమ విత్తడానికి మధ్య రెండు మూడు వారాల వ్యవధి మాత్రమే ఉంటుంది. యంత్రపు కోత పొడుగాటి మోళ్ళను మడిలో వదలిపోతుంది. కూలి పెట్టి తీయించే స్తోమతు లేని చిన్నరైతుకు అగ్గిపుల్లే చౌకగా కనిపిస్తుంది. కాని ఆ చౌకలో నష్టం దాగి ఉంది. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయని లెక్క. గడ్డి కాలితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. పైమట్టిలోని సూక్ష్మజీవులు కూడా మాడిపోతాయి. తరువాత అదే రైతు అప్పు చేసి ఎరువు బస్తా కొంటాడు. 2018 నుండి కేంద్ర ప్రభుత్వం మోళ్ళను నేలలో కలిపే యంత్రాలకు రాయితీ ఇస్తున్నది. 2024 నవంబరులో ఢిల్లీ పరిసర రాష్ట్రాలలో పరిహారాన్ని రెట్టింపు చేసి, రెండెకరాల లోపు రైతుకు 5,000, ఐదెకరాల పైబడినవారికి 30,000 రూపాయలుగా నిర్ణయించారు. దండన ఎంత పెంచినా, యంత్రం సమయానికి చేతికి అందకపోతే మంట ఆగదు. మహారాష్ట్రలోని చెరకు తోటలలో ఆకును కాల్చకుండా సాళ్ళ మధ్య పరిచే రైతులున్నారు. ఆ ఆకు కార్శి తోటకు తేమను నిలుపుతుంది, కలుపును అణచివేస్తుంది. ఒడిశా అడవుల అంచున ఇప్పపూలు సులభంగా ఏరుకోవడానికి చెట్టు కింది ఆకులకు నిప్పు పెట్టడం అడవి మంటలకు ఒక కారణమవుతున్నది. అక్కడ ఆకులను చీపురుతో ఊడ్చి, కింద వల పరిస్తే పువ్వు మాడదు, అడవీ కాలదు.

పండుగ మాట కూడా చెప్పుకోవాలి. తెలుగువారు ఎక్కడున్నా భోగి నాడు తెల్లవారుజామున మంట వేస్తారు. తమిళులకు కూడా ఆ రోజు పాత వస్తువులను కాల్చే ఆచారముంది. ఎండు కట్టెలు, తాటాకులు, పిడకలు వేసిన మంట చుట్టూ ఇరుగుపొరుగు చేరి చలి కాచుకోవడం అందమైన దృశ్యమే. పాత టైర్లు, ప్లాస్టిక్కు కుర్చీలు ఆ మంటలో పడ్డ నాడు పండుగ అర్థం మారిపోయింది. 2018 భోగి నాడు చెన్నైలో పొగ, మంచు కలిసి దారి కనిపించక విమానాల రాకపోకలు స్తంభించాయి. ఆచారాన్ని మానుమని ఎవరూ అనడం లేదు. వీధికి పది మంటలకు బదులు అందరూ కలిసి ఒక చిన్న మంట వేసుకొని, కట్టె తప్ప వేరేదీ వేయకుండా ఉంటే, పొగ తగ్గుతుంది. పండుగ కళా పెరుగుతుంది.

కాల్చకుండా ఉండే దారులు కష్టమైనవి కావు. పెరటి మూలలో మూడడుగుల గొయ్యి తీసి, ఎండుటాకుల మీద వంటింటి కూరగాయ తొక్కులు, కొంచెం పేడ లేదా మట్టి పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తూ అప్పుడప్పుడు తిరగవేస్తే, మూడు నాలుగు నెలలలో నల్లటి ఎరువు తయారవుతుంది. యానాం వంటి కొబ్బరి సీమలో మట్టలను చెట్టు మొదట్లో పరిస్తే వేసవిలో తేమ నిలుస్తుంది. ఈనెలు చీపుళ్ళకు పనికివస్తాయి. ప్లాస్టిక్కును వేరుగా దాచి బండికి గాని, పాత సామాను కొనేవారికి గాని ఇవ్వవచ్చు. తప్పనిసరిగా కంప కాల్చవలసి వస్తే, కచేరీలో అడిగి రావడంతో పని ముగియదు. "బాబాయిగారూ, రేపు పొద్దున్న కంప కాలుద్దామనుకుంటున్నాము. మీ అమ్మగారికి ఆయాసం కదా, ఏమంటారు?" అని పక్కింటి తలుపు తట్టాలి. ఆ ఇంటివారు వద్దంటే మానుకోవడానికి కూడా సిద్ధపడాలి. వద్దనే వీలు లేనిచోట అడగడం వట్టి మర్యాద మాత్రమే అవుతుంది. మంట చెయ్యిదాటితే 101కు గాని, 112కు గాని వెంటనే ఫోను చేయాలి.

రాష్ట్రం వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలకు ఈ విషయంలో ప్రత్యేకమైన పాత్ర ఉంది. పురపాలక సంఘం ప్రకటన కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. ఇంట్లో పెద్దవారిలో కొందరికి ఆ లిపి చదవడం రాదు. "మాకెవరూ చెప్పలేదు" అన్న మాట వారి నోట నిజమే కావచ్చు. అయినా ఆ కారణంగా జరిమానా ఆగదు. రెండు భాషలు చదవగలిగిన పిల్లవాడు ఆ కాగితాన్ని తాతయ్యకు తెలుగులో చదివి చెబితే, ఒక చట్టం ఒక ఇంటికి చేరినట్లే. చెత్తబండి రాని వీధి గురించి ఆ ప్రాంతపు భాషలోనే అర్జీ వ్రాసిపెట్టడం కూడా అతడు చేయగల పనే. గోడకు ఇటువైపు తెలుగు, అటువైపు మరొక భాష ఉండవచ్చు. దగ్గు మాత్రం రెండు వైపులా ఒకే భాషలో వినిపిస్తుంది.

ప్రకృతి పరిసరాలను కాపాడడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51-ఎ అధికరణంలో చెప్పింది. కాలుష్యం లేని నీటిని, గాలిని అనుభవించడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో పేర్కొన్నది. సొంత స్థలం మీద హక్కు గొప్పదే. ఆ హక్కును గౌరవించే పొరుగువాడికి ఊపిరి పీల్చే హక్కు కూడా ఉందని గుర్తుంచుకొని, అగ్గిపుల్ల గీసే ముందు ఒక్క మాట అడిగేవారే మంచి ఇరుగుపొరుగు అనిపించుకుంటారు.